కాటా చీటీల ఫైల్లో తెలుగు పేర్లు ఎందుకు పోతున్నాయి, చివరి పద్దులు ఎక్కడ ఆగిపోతున్నాయి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకూ విషయం తెలుస్తుంది. మీరు తిరుపతిలో ఎంసీఏ చివరి ఏడాది. ప్రాజెక్టు కింద చిత్తూరు దగ్గర మీ మేనమామగారి మామిడి మండీకి జావాలో ఒక ప్రోగ్రాం రాస్తున్నారు. కాటా మీదికి ట్రాక్టరు ఎక్కగానే చీటీ నంబరు, రైతు పేరు, ఊరు, కాయ రకం, బరువు ఫైల్లో పడాలి. ఇబ్బందులు నాలుగు. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైపోతున్నాయి. సాయంత్రం చూస్తే చివరి కొన్ని పద్దులు ఫైల్లో ఉండటం లేదు. ఆబ్జెక్టులుగా దాచిన రెండో ఫైలు మొదటి రోజు బాగానే చదివి, రెండో రోజు నుంచి 'ఇన్‌వాలిడ్ టైప్ కోడ్: ఏసీ' అంటోంది. పాత ఫైలు డిలీట్ చేయమంటే విండోస్ చేయడం లేదు.

పైకి నాలుగూ విడివిడిగా కనిపిస్తాయి గానీ, మీరు పెట్టిన కోడ్ చూస్తే మూలం ఒకటే. ఫైలు తెరిచే లైను రైతు క్లాసులో ఉంది, బిల్లు క్లాసులో ఉంది, స్క్రీన్ మీద బటన్ నొక్కితే నడిచే మెథడ్‌లోనూ ఉంది. ఎవరికి వారు తెరుస్తున్నారు, మూసే బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. ఫైలుతో వ్యవహారమంతా ఒక్క క్లాసు చేతిలో ఉండాలి. తక్కిన క్లాసులకు ఫైలనేది ఒకటుందని కూడా తెలియనక్కర్లేదు. నేను చెప్పబోయేదంతా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. అయినా ముందు ఒక్కో ఇబ్బంది లోపల ఏం జరుగుతోందో చూడాలి. కారణం తెలియకుండా కోడ్ సర్దితే అదే ఇబ్బంది ఇంకోచోట తేలుతుంది.

తెలుగు పేర్ల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే నష్టం ఎక్కువ జరిగేది అక్కడే. డిస్కు మీద అక్షరాలు ఉండవు, 0 నుంచి 255 వరకు అంకెలే ఉంటాయి. వాటినే బైట్లు అంటాం. ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు ఇచ్చారు. ఆ నంబర్లను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే వీటిలో ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. 'త' రాస్తే ఫైల్లోకి వెళ్లేది 224, 176, 164. తెలుగులో ఏ అక్షరం తీసుకున్నా మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ అవుతుంది. 'తిరుపతి' కంటికి నాలుగు అక్షరాలే. గుడులు, కొమ్ము విడిగా లెక్కకొస్తాయి కాబట్టి జావాలో లెంగ్త్ అడిగితే 7 అంటుంది, ఫైల్లో 21 బైట్లు తీసుకుంటుంది. 'చిత్తూరు' కంటికి మూడు, జావాకు 8, ఫైల్లో 24. ఈ మూడు లెక్కలు వేర్వేరని మనసులో పెట్టుకోండి, కింద రెండు మూడుసార్లు పనికొస్తుంది.

జావాలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ క్లాసులు రెండు కుటుంబాలు. ఇన్‌పుట్‌స్ట్రీమ్, అవుట్‌పుట్‌స్ట్రీమ్ బైట్లతో పనిచేస్తాయి. రీడర్, రైటర్ అక్షరాలతో పనిచేస్తాయి. 1996లో వచ్చిన మొదటి జావాలో బైట్ల స్ట్రీములే ఉండేవి, మరుసటి ఏడాది 1.1 వెర్షన్‌లో రీడర్, రైటర్ చేరాయి. ఈ రెండు కుటుంబాలనూ కలిపేవి ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్, అవుట్‌పుట్‌స్ట్రీమ్‌రైటర్. అక్షరాన్ని ఏ లెక్కన బైట్లుగా మార్చాలో చెప్పాల్సిన చోటు కూడా అదే. మీరు వాడిన ఫైల్‌రైటర్ లోపల ఇదే పని చేస్తుంది, కానీ మీరు ఆ లెక్కను, అంటే ఎన్‌కోడింగ్‌ను, చెప్పలేదు కాబట్టి ఆ మెషీన్‌లో ఏది డిఫాల్ట్ అయితే అది తీసుకుంది. ఇంగ్లిష్ సెట్టింగుతో ఉన్న విండోస్‌లో జావా 17 వరకు అది విండోస్-1252. ఆ పట్టికలో మొత్తం 256 స్థానాలే, తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. తనకు తెలియని అక్షరం వచ్చినప్పుడల్లా రైటర్ దాని బదులు ప్రశ్నార్థకం, అంటే 63 అనే బైటు, రాసేసి ముందుకు పోతుంది. ఎర్రర్ ఇవ్వదు, వార్నింగ్ ఇవ్వదు.

అందుకే తెలుగు చెడిపోయినట్టు కనిపించిన ప్రతిసారీ, ఎలా చెడిందో చూడకుండా కోడ్ మార్చకండి. రూపాన్ని బట్టే కారణం చాలావరకు తెలిసిపోతుంది. వరసగా ప్రశ్నార్థకాలుంటే రాసేటప్పుడే పోయింది, ఆ ఫైల్లో ఇక తెలుగు లేదు, ఏ టూలూ వెనక్కి తేలేదు. నెత్తిన గీత ఉన్న లాటిన్ 'ఏ' అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తుంటే సంతోషించండి. 224, 176, 177 అనే బైట్లను విండోస్-1252 పట్టికలో చూస్తే కనిపించేవి సరిగ్గా అవే. అంటే ఫైలు భద్రంగా ఉంది, చదివేవాళ్లే తప్పు పట్టికతో చదువుతున్నారు. నల్లటి వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకం వస్తే యూటీఎఫ్-8 అనుకుని చదివిన బైట్లు యూటీఎఫ్-8 కావు, లేదా మధ్యలో తెగాయి. ఖాళీ డబ్బాలు వస్తే అది ఫాంటు లేకపోవడం, డేటాకు ఏమీ కాలేదు.

నేనైతే ఫైల్‌రైటర్ బదులు ఫైల్స్ క్లాసులోని న్యూబఫర్డ్‌రైటర్ మెథడ్ వాడమంటాను. చార్‌సెట్‌గా, అంటే ఏ ఎన్‌కోడింగో చెప్పే చోట, స్టాండర్డ్‌చార్‌సెట్స్ నుంచి యూటీఎఫ్-8ను స్పష్టంగా ఇవ్వండి. జావా 8 నుంచి ఆ మెథడ్‌కు ఏమీ చెప్పకపోయినా యూటీఎఫ్-8నే తీసుకుంటుంది, అయినా చెప్పడమే మంచిది. చదివే మనిషికి ఇక్కడ అనుమానం ఉండకూడదు. దీనిలో నాకు నచ్చే గుణం ఇంకొకటుంది. రాయలేని అక్షరం వస్తే ప్రశ్నార్థకం పెట్టి ఊరుకోదు, ఎక్సెప్షన్, అంటే పని ఆపేసే ఎర్రర్, విసురుతుంది. చదివేటప్పుడు న్యూబఫర్డ్‌రీడర్ కూడా అంతే, చెల్లని బైట్లు వస్తే మాల్‌ఫార్మ్‌డ్ ఇన్‌పుట్ ఎక్సెప్షన్ ఇస్తుంది. రైతు పేరు గల్లంతవడం కంటే ప్రోగ్రాం అక్కడే ఆగి గోల చేయడం వెయ్యి రెట్లు నయం. ఫైల్‌రైటరే వాడాలనుకుంటే జావా 11 నుంచి దాని కన్‌స్ట్రక్టర్‌కు చార్‌సెట్ ఇవ్వొచ్చు.

2022 మార్చిలో వచ్చిన జావా 18 నుంచి అన్ని ఆపరేటింగ్ సిస్టంలలోనూ డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది. కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లో జావా 21 ఉండి, మండీలోని పాత కంప్యూటర్లో జావా 8 ఉంటే, ఇంట్లో బాగా నడిచిన ప్రోగ్రామే అక్కడ ప్రశ్నార్థకాలు రాస్తుంది. మీరు 'మా ఇంట్లో వస్తోంది, అక్కడ రావడం లేదు' అని రాశారు కదా, నా అంచనా ఇదే. ఇంకో మాట. కమాండ్ ప్రాంప్ట్‌లో ప్రింట్ చేసి చూసి తీర్పు చెప్పకండి. కొత్త జావాలో కూడా సిస్టమ్ డాట్ అవుట్ కన్‌సోల్ ఎన్‌కోడింగ్‌నే అనుసరిస్తుంది, ఫైలు బాగున్నా అక్కడ ప్రశ్నార్థకాలు రావొచ్చు. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, ఇంకా అనుమానమైతే బైట్ల అంకెలు ప్రింట్ చేసి 224 కోసం వెతకండి.

మీ దిగుమతి మెథడ్‌లో ఇంకో పొంచి ఉన్న ప్రమాదం కనిపించింది. అక్కడ ఫైలును 1024 బైట్ల చొప్పున చదివి, ప్రతి ముక్కనూ వెంటనే స్ట్రింగ్‌గా మారుస్తున్నారు. తెలుగు అక్షరానికి మూడు బైట్లు. 1024ను మూడుతో భాగిస్తే 341 వచ్చి ఒకటి మిగులుతుంది. పూర్తిగా తెలుగే ఉన్న ఫైలైతే మొదటి ముక్కలో 341 అక్షరాలు సరిగ్గా వచ్చి, 342వ అక్షరం మొదటి బైటు ఇటు, మిగిలిన రెండు అటు పడతాయి. ఆ రెండు ముక్కలూ విడివిడిగా చెల్లవు, రెండు చోట్లా చెత్త గుర్తులొస్తాయి. చిన్న ఫైలుతో టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు, సీజన్ మధ్యలో ఫైలు పెరిగాక ఎక్కడో ఒక పేరు చెడుతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. బైట్లను మీరు ముక్కలు చేయొద్దు, రీడర్‌కు వదిలేయండి. ముక్క చివర తెగిన అక్షరాన్ని అది దాచుకుని తర్వాతి ముక్కతో కలుపుతుంది.

అదే మెథడ్‌లో ఫైలు కాపీ చేసే లూప్ కూడా చూశాను. రీడ్ అనే మెథడ్ ఎన్ని బైట్లు వచ్చాయో చెబుతుంది. మీరు ఆ సంఖ్యను పక్కనపెట్టి ప్రతిసారీ మొత్తం బఫర్‌ను, అంటే బైట్లు తాత్కాలికంగా పట్టే చోటును, రాస్తున్నారు. ఆఖరి ముక్క 300 బైట్లే అయితే మిగిలిన చోట ముందు ముక్కలోని పాత బైట్లే ఉంటాయి, అవి కూడా ఫైలు చివర చేరతాయి. వచ్చినన్ని మాత్రమే రాయాలి. అసలు జావా 9 నుంచి ట్రాన్స్‌ఫర్‌టూ ఉంది, ఫైల్స్ క్లాసులో కాపీ అంతకుముందు నుంచే ఉంది, లూప్ రాసుకోవాల్సిన పనే లేదు.

ల్యాబుల్లో ర్యాండమ్‌యాక్సెస్‌ఫైల్‌తో ఒకే పొడవుండే రికార్డులు రాయడం నేర్పిస్తారు. పేరుకు 20, ఊరికి 20 అని. ఇంగ్లిష్‌లో 20 బైట్లంటే 20 అక్షరాలు. తెలుగులో 20 బైట్లలో పట్టేవి ఆరే, 'తిరుపతి' కూడా పట్టదు. ఈ పద్ధతి ఇక్కడ వద్దు. ఒక లైనుకు ఒక పద్దు చొప్పున మామూలు టెక్స్ట్ ఫైలు చాలు, మధ్యలో ట్యాబ్ పెట్టండి. కామా పెడితే 'రెడ్డప్ప, పూతలపట్టు' అని ఎవరైనా పేరు గడిలోనే ఊరు కూడా కలిపి కొట్టిన రోజు గడులన్నీ పక్కకు జరుగుతాయి.

లెక్కలు చూసే గుమాస్తాగారు ఫైలును ఎక్సెల్‌లో తెరుస్తారని రాశారు. ఇది జాగ్రత్తగా వినండి. యూటీఎఫ్-8 ఫైలే అయినా మొదట్లో బామ్ అనే గుర్తు లేకపోతే ఎక్సెల్ దాన్ని నేరుగా తెరిచినప్పుడు పాత పట్టికతో చదువుతుంది, గీతల లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి. అంతవరకు నష్టం లేదు. కానీ ఎక్సెల్‌లో తెలుగు సరిగ్గా కనిపిస్తున్న షీటును మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ఇక తిరిగి రాదు. 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అనే ఆప్షన్‌తోనే సేవ్ చేయాలి. అన్నిటికంటే మేలు, గుమాస్తాగారికి వేరే ఎగుమతి ఫైలు ఇవ్వండి, అసలు ఫైలు ఆయన చేతికి వెళ్లకూడదు. ఎగుమతి ఫైలు మొదట్లో 65279 నంబరు అక్షరం ఒక్కటి రాస్తే ఎక్సెల్ సరిగ్గా తెరుస్తుంది. అలాంటి ఫైలును తిరిగి చదవాల్సి వస్తే జావా ఆ గుర్తును దానంతటది తీసేయదని గుర్తుంచుకోండి. మొదటి లైనులో చీటీ నంబరును అంకెగా మార్చబోతే కంటికి కనిపించని ఆ అక్షరం అడ్డుపడి ఎక్సెప్షన్ వస్తుంది, ఎంతసేపు చూసినా లైను బాగానే కనిపిస్తుంది.

ఇక సాయంత్రం మాయమయ్యే పద్దులు. బఫర్డ్‌రైటర్ మీరు రాసినదాన్ని వెంటనే డిస్కుకు పంపదు. మెమరీలో పోగుచేసుకుని నిండాక ఒకేసారి పంపుతుంది. జావా లైబ్రరీలో దాని డిఫాల్ట్ సైజు 8192 అక్షరాలు. వేగం కోసమే ఈ ఏర్పాటు, ఇంటికి కావాల్సిన ఉప్పు ఒక్కో పలుకుగా కాకుండా ప్యాకెట్‌గా తెచ్చుకున్నట్టు. మీరు క్లోజ్ చేయలేదు కాబట్టి చివరిసారి నిండకుండా మిగిలింది ప్రోగ్రాంతోపాటే పోయింది. మీ టెస్ట్ ఫైలు ఖాళీగా, సున్నా బైట్లతో ఉందని రాశారు. అందులో పద్దులు కొన్నే కాబట్టి బఫర్ ఒక్కసారి కూడా నిండలేదు. మండీ ఫైల్లోనేమో చివరి లైను సగంలో తెగి ఉంటుంది, చూడండి. 'తోతాపు' అని ఆగిపోయి బరువు లేని లైను కనిపిస్తే కారణం ఇదే.

క్లోజ్‌ను చివరి లైనుగా రాస్తే చాలదు. మధ్యలో ఎక్సెప్షన్ వస్తే ఆ లైను దాకా కంట్రోల్ రాదు. 2011లో జావా 7తో వచ్చిన ట్రై-విత్-రిసోర్సెస్ దీనికోసమే. ట్రై పక్కన కుండలీకరణాల్లో తెరిచినవన్నీ బ్లాక్ ఎలా ముగిసినా, తెరిచిన వరసకు వెనక నుంచి మూతపడతాయి. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఒకదానిలో ఒకటి పెట్టి ఒకే లైనులో తెరవకండి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి విడిగా ప్రకటించండి. ఉదాహరణకు కుదించిన ఫైళ్లు చదివే జీజిప్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ తన కన్‌స్ట్రక్టర్‌లోనే ఫైలు హెడర్, అంటే మొదట్లోని గుర్తింపు బైట్లు, చదువుతుంది. ఆ ఫైలు అసలు జీజిప్ కాకపోతే అక్కడే ఎక్సెప్షన్. అప్పటికే తెరుచుకున్న లోపలి ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్‌కు పేరు లేదు కాబట్టి దాన్ని మూసే దిక్కుండదు.

క్లోజ్ చేసేటప్పుడు వచ్చే ఎక్సెప్షన్‌ను ఖాళీ క్యాచ్‌తో మింగేయడం కూడా మీ కోడ్‌లో ఉంది. బఫర్‌లో మిగిలింది డిస్కుకు వెళ్లేది అప్పుడే. పెన్‌డ్రైవ్ నిండిపోయిందనో, ఎవరో పీకేశారనో తెలిసేదీ అప్పుడే. ఆ కబురు వినకపోతే పద్దు రాశామనే అనుకుంటాం. ఇదే కారణంతో ప్రింట్‌రైటర్‌ను డేటా రాయడానికి వాడొద్దంటాను. అది రాసే మెథడ్‌లు ఐఓ ఎక్సెప్షన్ విసరవు, చెక్‌ఎర్రర్ అని మనమే అడిగితే తప్ప ఏమీ చెప్పదు. స్క్రీన్ మీద ప్రింట్ చేయడానికి సరే, రైతుకు డబ్బు చెల్లించాల్సిన లెక్కకు పనికిరాదు.

మండీలో కాటా మీదికి ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చినా మధ్యలో నిమిషాల వ్యవధి ఉంటుంది. కాబట్టి బఫర్‌లో ఉన్నదాన్ని వెంటనే బయటికి పంపే ఫ్లష్‌ను పద్దు పద్దుకూ పిలవండి, వేగం గురించి టెన్షన్ అక్కర్లేదు. లక్షల లైన్లు ఒకేసారి ఎగుమతి చేసే చోట మాత్రం లైనుకొకసారి ఫ్లష్ వద్దు. అయితే ఫ్లష్ చేశామంటే డిస్కుకు చేరిందని కాదు, ఆపరేటింగ్ సిస్టం చేతికి ఇచ్చామని. ప్రోగ్రాం క్రాష్ అయితే అది సరిపోతుంది, కరెంటు పోతే సరిపోదు. జూన్‌లో గాలివానకు కరెంటు పోవడం మీకు కొత్త కాదు. ఫైలు తెరిచేటప్పుడు క్రియేట్, అపెండ్‌తోపాటు డీసింక్ అనే ఆప్షన్ కూడా ఇస్తే ఫ్లష్ చేసిన డేటాను డిస్కుకు చేర్చాకే మెథడ్ వెనక్కి వస్తుంది. ప్రోగ్రాం మొదలైనప్పుడు ఫైలు చివరి బైటు చూసే అలవాటు కూడా పెట్టండి. అది కొత్త లైను గుర్తు కాకపోతే ఆఖరి పద్దు సగమే పడిందన్నమాట. దాన్ని పక్కకు తీసి, ఆ చీటీ మళ్లీ కొట్టమని స్క్రీన్ మీద అడగండి.

బరువు దిద్దడానికి మీరు అదే ఫైలును ఒక చేత్తో చదవడానికి, ఇంకో చేత్తో రాయడానికి తెరుస్తున్నారు. అపెండ్, అంటే చివర చేర్చు, అని చెప్పకుండా రాయడానికి తెరిస్తే ఒక్క అక్షరం రాయకముందే ఫైలు ఖాళీ అయిపోతుంది. చదవడానికి అక్కడేమీ మిగలదు. దిద్దిన పద్దులతో పక్కన తాత్కాలిక ఫైలు రాసి, పూర్తిగా మూసి, ఆపైన ఫైల్స్ మూవ్‌తో, అటామిక్ మూవ్ ఆప్షన్ ఇచ్చి, పాతదాని పేరు మీదికి మార్చండి. తాత్కాలిక ఫైలు అదే ఫోల్డర్‌లో ఉండాలి, వేరే డ్రైవులో ఉంటే ఈ ఆప్షన్ పనిచేయదు. ఇలా చేస్తే మధ్యలో ప్రోగ్రాం ఆగిపోయినా పాత ఫైలు చెక్కుచెదరదు.

ఆబ్జెక్టుల ఫైలు సంగతి త్వరగా తేల్చేస్తాను, ఎందుకంటే నా సలహా దాన్ని వదిలేయమనే. ఆబ్జెక్ట్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ కొత్తగా తయారైన ప్రతిసారీ ముందు నాలుగు బైట్ల హెడర్ రాస్తుంది. రెండో రోజు మీరు అపెండ్‌తో తెరిచినప్పుడు మొదటి రోజు ఆబ్జెక్టుల వెనకే ఇంకో హెడర్ పడింది. చదివేవాడు అక్కడ ఆబ్జెక్టు ఉంటుందనుకుంటాడు, హెడర్ మొదటి బైటు ఎదురవుతుంది. హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, ఆ బైటు పేరే ఏసీ, మీ ఎర్రర్‌లో ఉన్నది అదే. హెడర్ రాయకుండా ఓవర్‌రైడ్ చేసే చిట్కా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, దాంతో ఇవాళ్టి ఎర్రర్ పోతుంది. రేపటిది పోదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. చంద్రగిరి రైతు తిరుపతి జిల్లా, బంగారుపాళ్యం రైతు చిత్తూరు జిల్లా. రైతు క్లాసులో జిల్లా అనే ఫీల్డు ఒకటి చేర్చండి, క్లాసు వెర్షన్‌ను గుర్తించే నంబరు సీరియల్‌వెర్షన్‌యూఐడీ మీరు రాయలేదు కాబట్టి పాత ఫైల్లోని రైతులెవరూ చదవడానికి రారు, ఇన్‌వాలిడ్‌క్లాస్ ఎక్సెప్షన్ వస్తుంది. టెక్స్ట్ ఫైల్లో అయితే చివర ఇంకో గడి, పాత లైన్లలో అది ఖాళీ, అంతే. పైగా ఒకే ఆబ్జెక్టులో బరువు మార్చి అదే స్ట్రీమ్‌లో మళ్లీ రాస్తే అది కొత్త విలువ రాయదు, 'ఇంతకుముందు రాసినదే' అని గుర్తు మాత్రం పెడుతుంది. ఏళ్ల తరబడి ఉండాల్సిన లెక్కలకు ఇది తగిన చోటు కాదు.

డిలీట్ కాని ఫైలుకు కారణం మీ రిపోర్టు మెథడ్‌లో ఉంది. ఫైల్‌రీడర్‌తో ఫైలు తెరిచి, దానిపై బఫర్డ్‌రీడర్ లైన్స్ మెథడ్‌తో మొత్తం బరువు కూడారు, బాగుంది, మెమరీ తినదు. కానీ కూడటం అయిపోగానే ఫైలు మూతపడుతుందనుకున్నారు. మూతపడదు, దాన్నీ ట్రై-విత్-రిసోర్సెస్‌లోనే తెరవాలి. జావా ఇలా తెరిచి ఉంచిన ఫైలును విండోస్ సాధారణంగా తీసేయనివ్వదు. లినక్స్ తీసేయనిస్తుంది, అందుకే కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు మీద మీకు ఈ ఇబ్బంది కనపడలేదు. ఫైల్ క్లాసులోని పాత డిలీట్ కుదరకపోతే ఫాల్స్ అని ఊరుకుంటుంది. ఫైల్స్ క్లాసులోని డిలీట్ ఎందుకు కుదరలేదో ఎక్సెప్షన్‌లో చెబుతుంది, దాన్నే వాడండి.

సీ ప్లస్ ప్లస్‌లో కూడా ఇదే ప్రాజెక్టు చూపించాలన్నారు. అక్కడ ఐఎఫ్‌స్ట్రీమ్ ఆబ్జెక్టు స్కోప్ దాటగానే డిస్ట్రక్టర్ ఫైలును మూసేస్తుంది, ఆ బెంగ తక్కువ. కానీ మన దగ్గర రికార్డు నోట్సులో తరతరాలుగా సాగుతున్న 'ఈఓఎఫ్ కానంతవరకు', అంటే ఫైలు ముగిసేవరకు, అనే లూప్ మాత్రం రాయకండి. ఫైలు అయిపోయిందని ఈఓఎఫ్‌కు తెలిసేది చదవబోయి విఫలమయ్యాకే, అందుకే ఆఖరి పద్దు రెండుసార్లు వస్తుంది. గెట్‌లైన్‌నే లూప్ షరతుగా పెట్టండి.

ఇప్పుడు అసలు నిర్మాణం. కాటాచీటీ అనే క్లాసు ఒకటి, అందులో నంబరు, పేరు, ఊరు, రకం, బరువు మాత్రమే ఉంటాయి. ఫైలు అనే మాట దానిలో రాకూడదు. ఒక లైనును చీటీగా, చీటీని లైనుగా మార్చే క్లాసు ఇంకొకటి. చీటీలఖాతా అనే ఇంటర్‌ఫేస్ ఒకటి, దానిలో చేర్చు, అన్నీ చదువు, దిద్దు అనే మెథడ్‌లు. దాన్ని అమలుచేసే ఫైలుఖాతా క్లాసులోనే పాత్, చార్‌సెట్, బఫర్, ఫ్లష్, తాత్కాలిక ఫైలు అన్నీ ఉంటాయి. బిల్లు క్లాసుకు, స్క్రీన్‌కు ఇంటర్‌ఫేస్ మాత్రమే తెలుస్తుంది. వచ్చే ఏడాది ఫైలు తీసేసి డేటాబేస్ పెట్టాలనుకుంటే ఒక్క క్లాసు మారుతుంది.

చదివే మెథడ్ ఫైలు పేరును స్ట్రింగ్‌గా తీసుకోకూడదు, రీడర్‌ను తీసుకోవాలి. ఈ ఒక్క మార్పుతో ఎంత సుఖమో చేసి చూస్తే తెలుస్తుంది. టెస్ట్‌లో స్ట్రింగ్‌రీడర్ ఇచ్చి, '1043, ట్యాబ్, మునెమ్మ, ట్యాబ్, ఐరాల, ట్యాబ్, తోతాపురి, ట్యాబ్, 3460' అని ఒక్క లైను పెట్టి, డిస్కు ముట్టకుండానే పరీక్షించొచ్చు. సగంలో తెగిన లైను, ఖాళీ పేరు, అంకె రావాల్సిన చోట అక్షరం, ఇవన్నీ క్షణంలో ప్రయత్నించొచ్చు. అదే మెథడ్‌కు రేపు జిప్‌లోంచి వచ్చే స్ట్రీమ్‌నో, నెట్‌వర్క్ నుంచి వచ్చేదాన్నో రీడర్‌గా చుట్టి ఇస్తే ఒక్క అక్షరం మార్చకుండా పనిచేస్తుంది. స్ట్రీము క్లాసులను ఒకదాని మీద ఒకటి తొడిగేలా తయారుచేసింది ఇందుకే. కింద ఫైలు బైట్లు ఇస్తుంది, దానిపై పొర వాటిని అక్షరాలు చేస్తుంది, ఆపై పొర పోగుచేసి లైన్లుగా ఇస్తుంది. ఏ పొర పని దానిది.

మూసే బాధ్యత విషయంలో నేను పాటించే నియమం సూటిగా ఉంటుంది. తెరిచినవాళ్లే మూయాలి. రీడర్‌ను పారామీటర్‌గా అందుకున్న మెథడ్ దాన్ని మూయకూడదు, ఎందుకంటే ఇచ్చినవాళ్లకు ఇంకా పని ఉండొచ్చు. మీ లాగిన్ మెథడ్‌లో స్కానర్‌ను సిస్టమ్ డాట్ ఇన్ మీద తెరిచి, చివర క్లోజ్ చేశారు. దాంతో కీబోర్డు స్ట్రీమే మూతపడింది. తర్వాత మెనూలో ఇంకో స్కానర్ తెరిచినా నోసచ్‌ఎలిమెంట్ ఎక్సెప్షన్ వస్తున్నది అందుకే. కీబోర్డుకు ఒక్క స్కానర్‌ను మెయిన్‌లో తెరిచి, కావాల్సినవాళ్లకు అందించండి, ఎవరూ మూయక్కర్లేదు.

ఈ మార్పులు మొదలుపెట్టే ముందు మండీలోని ఇప్పటి ఫైలును వేరే చోటికి కాపీ చేసి, ఆ కాపీని రీడ్-ఓన్లీ చేయండి. తర్వాత దాన్ని బైట్లుగా చదివి, పేరు గడిలో 224 ఉన్న లైన్లను ఒక ఫైలుకు, 63 మాత్రమే ఉన్న లైన్లను ఇంకో ఫైలుకు విడదీసే చిన్న ప్రోగ్రాం రాయండి, పది పదిహేను లైన్లకు మించదు. మొదటి ఫైల్లో ఉన్నవి మీ ల్యాప్‌టాప్‌లో రాసినవై ఉంటాయి, అవి బాగానే ఉన్నాయి. రెండో ఫైల్లోని పేర్లు ప్రోగ్రాంతో తిరిగి రావు. కానీ చీటీ నంబరు, బరువు అంకెలే కాబట్టి చెడలేదు. మండీలో రైతుకు ఇచ్చే చీటీకి కార్బన్ కాపీ పుస్తకం ఉంటుంది కదా, నంబరు పట్టుకుని పేర్లు అందులోంచి చూసి కొట్టించండి. రైతులకు డబ్బు చెల్లింపులు మొదలుకాకముందే ఈ పని అయిపోవాలి. కొట్టినవాటిని కొత్త ఫైలుఖాతా క్లాసు ద్వారానే చేర్చండి, నోట్‌ప్యాడ్‌లో నేరుగా దిద్దకండి. ఎక్కడైనా ఆగితే ఎక్సెప్షన్ మొత్తం, జావా వెర్షన్, చెడిన లైను బైట్లు పెట్టండి, చూస్తాను.